నేల 29 డిగ్రీలు, పైపు 300 మీటర్లు: బందరు ప్రాంతంలో భూతాప హీట్ పంపు లెక్క

మే నెల మధ్యాహ్నం మచిలీపట్నంలో, అంటే బందరులో, గాలి 38 డిగ్రీలకు చేరిన వేళ, పది మీటర్ల లోతున నేల 29 డిగ్రీల దగ్గరే ఉంటుంది. గుడివాడలోనూ దివిసీమలోనూ ఇంచుమించు ఇదే పరిస్థితి. ఏసీ తీసేసిన వేడిని బయటి గాలిలోకి కాకుండా ఈ నేలలోకి పంపితే కరెంటు ఆదా అవుతుంది. భూతాప హీట్ పంపు చేసే పని ఇదే. స్వీడన్, కెనడా వంటి చలి దేశాల్లో లక్షల ఇళ్లు దీంతోనే వెచ్చబడుతున్నాయి. మరి కృష్ణా డెల్టా కొసన ఉన్న మనకు ఇది పనికొస్తుందా?

కొన్ని భవనాలకు పనికొస్తుంది. చాలా ఇళ్లకు గిట్టదు. ఆ తేడా తేలేది మిషను దగ్గర కాదు, నేలలోకి దించే నీళ్ల పైపు దగ్గర. పైపు ఎంత పొడవుండాలి, అతుకులు ఎలా వేయాలి, బోరు ఎలా మూయాలి, లోపలి గాలి ఎలా తీయాలి అన్నవి ముందే లెక్క చూసుకున్నవారికే డబ్బు మిగులుతుంది.

ఇది వేడినీళ్ల బుగ్గ కాదు

భూతాపం అనగానే గోదావరి లోయలోని వేడినీళ్లు గుర్తొస్తాయి. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ అలాంటి వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ ప్లాంటు పెట్టింది. మనం చెప్పుకుంటున్నది అది కాదు. దీనికి వేడి బుగ్గ అక్కర్లేదు. ఏ పెరటి నేలైనా చాలు. పైపులో నీళ్లు తిరుగుతూ ఉంటాయి. గదిలోంచి మిషను లాగిన వేడిని అవి నేలకు అప్పగించి, చల్లబడి తిరిగి వస్తాయి.

వేడిని మోయడంలో గాలి కంటే నీళ్లదే పైచేయి. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి తీసుకునే వేడి, అంతే ఘనపరిమాణం గాలి తీసుకునే వేడికి దాదాపు 3,500 రెట్లు. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ 2011 ప్రాంతంలో ఒకే భవనాన్ని రెండు సగాలుగా కట్టి ఈ సంగతి లెక్కతో చూపించింది. ఒక సగంలో మామూలు ఏసీ, రెండో సగంలో శ్లాబులోని పైపుల్లో తిరిగే చల్లటి నీళ్లు. నీళ్ల సగానికి చల్లబరచడానికి అయిన కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ. అందులో నేల పైపులు లేవు. అయినా పైపును జాగ్రత్తగా వేస్తే నీళ్లు ఎంత పని చేస్తాయో అది చెబుతుంది.

పగలు 9 డిగ్రీల లాభం, రాత్రి సున్నా

నేల పైపొర ఎండకు వేడెక్కుతుంది, చలికి చల్లబడుతుంది. లోతుకు పోయేకొద్దీ ఈ ఊగిసలాట తగ్గిపోతుంది. మన డెల్టాలో నెలవారీ సగటు ఉష్ణోగ్రత జనవరికీ మే నెలకూ మధ్య పది డిగ్రీల దాకా మారుతుంది. తడి ఒండ్రులో ఒకటిన్నర మీటర్ల లోతున ఆ మార్పు సుమారు సగానికి పడిపోతుంది. ఐదు మీటర్ల దగ్గర ఒక డిగ్రీకి అటూ ఇటూ. పది మీటర్లు దాటాక లేనట్టే. అక్కడ మిగిలేది ఏడాది సగటు, అంటే ఇంచుమించు 29 డిగ్రీలు. ఇక 50 మీటర్లకు పోయినా అంతకంటే చల్లటి నేల దొరకదు.

చలి దేశంలో నేల 10, 12 డిగ్రీలుంటుంది. పైపు నీళ్లు 32 డిగ్రీలకు చేరినా నేలతో 20 డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి వేడి త్వరగా దిగిపోతుంది. మన దగ్గర నీళ్లను సగటున 38, 39 డిగ్రీల దాకా పోనిచ్చినా తేడా 10 డిగ్రీలే. తేడా సగమైతే అదే పనికి పైపు రెట్టింపు కావాలి. విదేశీ పుస్తకంలో టన్నుకు ఇన్ని మీటర్లు అని ఉన్న లెక్కను బందరులో ఉన్నదున్నట్టు వాడకూడనిది ఇందుకే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మధ్యాహ్నం మామూలు ఏసీ 38 డిగ్రీల గాలిలోకి వేడిని నెట్టాలంటే లోపలి గ్యాసు 50 డిగ్రీల దగ్గర పనిచేయాలి. నేల పైపు నీళ్లయితే 42 దగ్గర సరిపోతుంది. ఒక్కో డిగ్రీ తగ్గితే 2 నుంచి 3 శాతం కరెంటు మిగులుతుంది కాబట్టి మొత్తం మీద 20 శాతం దాకా ఆదా. రాత్రికి గాలి 28 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు మామూలు ఏసీ కూడా 40 దగ్గరే నడుస్తుంది, నేల పైపు వల్ల ఒరిగేదేమీ ఉండదు. మన ఇళ్లలో ఏసీ ఎక్కువగా నడిచేది పడకగదిలో, రాత్రిపూటే. కాబట్టి ఈ లాభం పగలు నడిచే ఆసుపత్రికి, బ్యాంకుకు, ఆఫీసుకు, ల్యాబుకు దక్కుతుంది.

ఒకటిన్నర టన్నుకు ఎంత పైపు?

ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్ల వేడిని తీసేయడం. ఒకటిన్నర టన్ను ఏసీ గదిలోంచి 5.3 కిలోవాట్లు లాగుతుంది. దానికి మోటారు తాలూకు వేడి కలిపితే నేలకు పంపాల్సింది సుమారు 6.6 కిలోవాట్లు.

తడి ఒండ్రులో దించిన ఒక యూ పైపు, 10 డిగ్రీల తేడాతో, మీటరు బోరుకు 40 నుంచి 45 వాట్ల దాకా వదలగలదు. అలా చూస్తే 150 మీటర్ల బోరు కావాలి. 50 మీటర్ల బోర్లు మూడు అనుకోండి. ఒక్కో బోరులో పైపు కిందికి దిగి మళ్లీ పైకి రావాలి కనుక మొత్తం పైపు 300 మీటర్లు. బోర్ల మధ్య కనీసం 5 మీటర్ల ఎడం ఉండాలి. లేకపోతే ఒకదాని వేడి మరొకదానికి తగులుతుంది.

డెల్టాకు ఇక్కడ ఒక వరం ఉంది. పొడి ఇసుక వేడిని మీటరుకు డిగ్రీకి 0.4 వాటు కూడా మోయలేదు. నీళ్లతో నిండిన ఒండ్రు, ఇసుక 1.5 నుంచి 2 దాకా మోస్తాయి. మన దగ్గర కొన్ని మీటర్లలోనే నీళ్లు తగులుతాయి కాబట్టి పైపు దాదాపు పొడవునా తడి నేలలోనే ఉంటుంది. అయినా గుడివాడ రేగడి, దివిసీమ ఇసుక దిబ్బ, బందరు సముద్రపు బంక ఒకేలా ఉండవు. పెద్ద పనికి ముందు ఒక్క బోరు వేసి, అందులో 48 గంటలు వేడినీళ్లు తిప్పి, నేల ఎంత వేడిని తీసుకుంటుందో కొలవాలి. తర్వాతే మిగతా బోర్ల సంఖ్య తేల్చాలి.

పైపు ఎంపిక, దించడం

ఇక్కడ ఇనుప పైపుకు చోటు లేదు. ఉప్పు నేల దాన్ని తినేస్తుంది. వాడాల్సింది నల్లటి హెచ్‌డీపీఈ పైపు. పీఈ-100 రకం, ఐఎస్ 4984 ముద్ర ఉన్నది తీసుకోవాలి. 32 మిల్లీమీటర్ల పైపులో గోడ 3 మిల్లీమీటర్లుండే ఎస్‌డీఆర్-11 తరగతి 16 బార్ల ఒత్తిడికి తట్టుకుంటుంది. కింద ఉండే యూ వంపు ఫ్యాక్టరీలోనే అతికి రావాలి. బోరులో మరో అతుకు ఉండకూడదు, ఎందుకంటే 50 మీటర్ల లోతున కారిన అతుకును బాగుచేసే దారి లేదు.

దించేటప్పుడు కొత్త మేస్త్రీలను తికమక పెట్టేది పైపు తేలడం. మన బోరు తవ్వుతుండగానే నీళ్లతో నిండిపోతుంది. ఖాళీ పైపు అందులో తేలుతుంది. 32 మిల్లీమీటర్ల పైపు మీటరుకు 0.8 లీటరు నీటిని పక్కకు నెడుతుంది. దాని సొంత బరువు 0.26 కిలోలే. కాబట్టి 100 మీటర్ల ఖాళీ పైపును నీళ్లు 54 కిలోల బలంతో పైకి నెడతాయి. బలవంతంగా తోస్తే పైపు నలిగి గోడ మీద గీతలు పడతాయి. అదే పైపును ముందే నీళ్లతో నింపి రెండు కొసలూ మూసేస్తే ఆ బలం కిలోన్నర లోపుకి పడిపోతుంది. కింద వంపుకు చిన్న బరువు కడితే తనంతట తానే దిగుతుంది. గుంత తవ్వి అడ్డంగా పరిచే పైపుకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వానకు గుంత నిండితే ఖాళీ పైపు మట్టిని తోసుకుని పైకి లేస్తుంది.

బోరు మూయడం: మంచినీళ్ల ప్రశ్న

ఈ పని మొత్తంలో అన్నిటికంటే బాధ్యతతో చేయాల్సిన ఘట్టం ఇదే. దిగువ డెల్టాలో చాలాచోట్ల మంచినీటి పొర, ఉప్పునీటి పొర ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మూయకుండా వదిలిన బోరు ఆ రెండిటినీ కలిపే గొట్టం అవుతుంది. మన ఏసీ కోసం పక్కింటి ఫిల్టర్ పాయింటు ఉప్పెక్కితే ఆ నష్టాన్ని ఏ ఆదా పూడ్చలేదు.

150 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మీటర్ల లోతు బోరులో పైపులు పోగా ఖాళీ 800 లీటర్లు. మూడు బోర్లకు 2,400 లీటర్ల గ్రౌటు, అంటే ఆ ఖాళీని పూడ్చే మిశ్రమం కావాలి. దాన్ని పైనుంచి పోయకూడదు. సన్నటి పైపును అడుగుదాకా దించి, కిందనుంచి పైకి నింపుకుంటూ రావాలి. బెంటొనైట్ మట్టి ఉప్పునీటిలో సరిగా ఉబ్బదు. కాబట్టి కలపడానికి మంచినీళ్లే వాడాలి. ఉప్పు పొరలున్న చోట సిమెంటు కలిపిన మిశ్రమం మేలు. గ్రౌటు లెక్కకంటే బాగా తక్కువ పట్టిందంటే మధ్యలో ఖాళీ మిగిలిందని అర్థం. అందుకే ఒక్కో బోరుకు ఎన్ని లీటర్లు పోసిందీ పుస్తకంలో రాయించుకోండి. బోరు వేసే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా కింద అనుమతుల సంగతి కూడా చూసుకోవాలి.

బోరులోంచి నీళ్లు తోడి, మిషన్లో తిప్పి, బయటికి వదిలే ఇంకో పద్ధతి ఉంది. పైపు తక్కువ పడుతుంది కాబట్టి చవక. మన దగ్గర మాత్రం దీన్ని వద్దనే చెప్పాలి. సముద్రతీర నేలల్లో మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతుంటాయి. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లుంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీళ్లే ఉంటాయన్నది గైబెన్-హెర్జ్‌బెర్గ్ సూత్రం. అది రెండువైపులా పదునున్న లెక్క. పైన 10 సెంటీమీటర్లు తోడేస్తే కింద ఉప్పు 4 మీటర్లు పైకి జరుగుతుంది. నాగాయలంక, కోడూరు వైపు ఇసుక దిబ్బల కింద పలుచటి మంచినీటి పొరను ఏసీ కోసం కదిలించడం తగదు. పైపులో నీళ్లు పైపులోనే తిరిగే మూసిన పద్ధతి ఒక్కటే మనకు తగింది.

అతుకు వేసే చోట ఎండ, గాలి

పై కొసలను ప్రధాన పైపుకు కలిపేది వేడి అతుకు. పైపు కొసలను చెక్కి, సుమారు 210 డిగ్రీల పలకకు ఆనించి కరిగించి, ఒకదానికొకటి నొక్కి పట్టాలి. రెండువైపులా సమానంగా, చుట్టూ తెగకుండా పెదవిలా ఉబ్బు వస్తే అతుకు బాగా పడినట్టు. ఒకవైపే ఉబ్బినా, మధ్యలో గీత కనిపించినా కోసి మళ్లీ వేయాలి. సముద్రపు గాలి పలకను ఒక పక్క చల్లబరుస్తుంది, కొసల మీద ఉప్పు తడిని, ఇసుకను చేరుస్తుంది. బందరులో అతుకు పని టార్పాలిన్ చాటున, పొడి గుడ్డతో కొస తుడిచి చేయాల్సిందే.

ఎండది ఇంకో తంటా. నల్ల పైపు రోహిణి కార్తె ఎండలో 55 డిగ్రీలకు చేరుతుంది. నేలలోకి దిగాక అది 29 దగ్గరకు వస్తుంది. హెచ్‌డీపీఈ మీటరుకు డిగ్రీకి 0.18 మిల్లీమీటరు దాకా కుంచించుకుపోతుంది. 26 డిగ్రీల తేడాకు 100 మీటర్ల పైపు దాదాపు 47 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. మధ్యాహ్నం బిగుతుగా వేసిన అతుకు తెల్లారేసరికి లాగబడుతుంది. పైపును వంపులతో వదులుగా పరచి, నీళ్లు నింపి, నేల చల్లదనానికి వచ్చాక తెల్లవారుజామున చివరి అతుకు వేయాలి.

గాలి తీయడం, ఒత్తిడి పరీక్ష

300 మీటర్ల పైపులో పట్టే నీళ్లు 160 లీటర్లే. నడిచేటప్పుడు కావాల్సిన ప్రవాహం ఒకటిన్నర టన్నుకు నిమిషానికి 17 లీటర్లు. ఆ లెక్కన నీళ్లు ఒక చుట్టులో సుమారు 5.5 డిగ్రీలు వేడెక్కుతాయి. ఒక్కో బోరులో నీటి వేగం సెకనుకు 18 సెంటీమీటర్లు. వేడిని బాగా వదలడానికి కావాల్సిన సుడులు ఈ వేగానికే వస్తాయి. చలి దేశాల్లోలా గడ్డకట్టకుండా రసాయనాలు కలిపే అవసరం మనకు లేదు. ఉప్పు, ఇనుము లేని శుభ్రమైన నీళ్లు చాలు.

అయితే ఆ వేగం లోపల చిక్కిన గాలిని బయటికి తేలేదు. గాలి బుడగలూ మట్టీ కొట్టుకురావాలంటే ప్రతి పైపులో సెకనుకు 60 సెంటీమీటర్ల వేగం ఉండాలి. అంటే బోరుకు నిమిషానికి 19 లీటర్లు, మూడింటికి కలిపి 57. రోజువారీ ప్రవాహానికి ఇది మూడు రెట్లకు పైనే. మిషనుతో వచ్చిన చిన్న పంపుతోనే గాలి తీశామంటే నమ్మకండి. దానికి వేరే పెద్ద పంపు పెట్టాలి. తొట్టిలోకి తిరిగొచ్చే నీళ్లలో బుడగ కనిపించడం ఆగేదాకా తిప్పాలి. ఒక్క బోరులో గాలి అడ్డుపడితే నీళ్లు మిగతా రెండిటిలోనే తిరుగుతాయి. మీరు కొన్న 300 మీటర్లలో 100 మీటర్లు ఊరికే పడి ఉంటాయి. బయటికి మాత్రం ఏమీ తెలియదు, బిల్లు పెరుగుతుంది.

ఒత్తిడి పరీక్ష నీళ్లతోనే చేయాలి, గాలితో కాదు. పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టాలి. మొదట్లో ఒత్తిడి మీటరు ముల్లు కొంచెం దిగుతుంది. అది కారడం కాదు, హెచ్‌డీపీఈ సాగడం. మళ్లీ నింపి, పైపు సర్దుకున్నాక ముల్లు నిలవాలి. ఈ పరీక్ష మూడుసార్లు చేయాలి: దించే ముందు, గ్రౌటు పోశాక, మట్టి కప్పే ముందు. కప్పేశాక దొరికిన లోపానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ ఎక్కువే.

చెరువున్నవారికి దగ్గర దారి

గుడివాడ చుట్టుపక్కల సొంత చేపల చెరువు పక్కన భవనం కట్టేవారికి బోరు అక్కర్లేదు. పైపు చుట్టలను చెరువు అడుగున ఉంచితే చాలు. ఒక ఎకరం చెరువులోకి 6.6 కిలోవాట్లు వదిలితే చదరపు మీటరుకు 1.6 వాట్లు అవుతుంది. ఎండ అదే చదరపు మీటరు మీద రోజు సగటున 200 వాట్లకు పైగా కురిపిస్తుంది. కాబట్టి చేపలకు ఆ వేడి తెలియదు. నేలలోలా వేడి పేరుకోదు కూడా. రాత్రి ఆవిరితో పోతుంది. నీళ్లు నిండిన హెచ్‌డీపీఈ పైపు కూడా కొద్దిగా తేలుతుంది కాబట్టి బరువులు కట్టాలి, వలలు, ఏరేటర్లు తగలని మూల చూసుకోవాలి. కాలువను మాత్రం నమ్ముకోకండి. ఏసీ అవసరం ఎక్కువగా ఉండే ఎండాకాలంలోనే కాలువలు కట్టేస్తారు. ఊరి మంచినీళ్ల చెరువు జోలికి అసలు వెళ్లకూడదు.

నేల నిండిపోతే?

చలి దేశంలో ఎండాకాలం నేలలోకి దిగిన వేడిని చలికాలం ఇంటి కోసం మళ్లీ పైకి తోడుకుంటారు. నేల లెక్క ఏటా సరిపోతుంది. మనకు చలికాలం వేడి అక్కర్లేదు. ఒకటిన్నర టన్ను ఏసీ ఏడాదికి 1,600 గంటలు నడిస్తే 10,500 యూనిట్ల వేడి నేలలోకి పోతుంది. మూడు బోర్ల చుట్టూ ఉన్న 3,750 ఘనపు మీటర్ల మట్టిలోనే అదంతా నిలిచిపోతే ఏడాదికి 3.5 డిగ్రీలు పెరుగుతుంది. మూడు బోర్లయితే చుట్టూ నేల చాలావరకు లాగేసుకుంటుంది. 100 టన్నుల భవనానికి 200 బోర్లు, ఎకరంపావు స్థలం కావాలి. ఆ మధ్యలో ఉన్న బోర్ల వేడికి పోయే దారి ఉండదు. బంకమట్టిలో భూగర్భజలం కదలిక కూడా నామమాత్రమే.

కాబట్టి చలి దేశంలో చలికాలం చేసే పనిని మన దగ్గర వేడినీళ్లు చేయాలి. వెయ్యి లీటర్ల నీళ్లను 28 నుంచి 55 డిగ్రీలకు కాచాలంటే గీజరుకు 31 యూనిట్లు పడుతుంది. హీట్ పంపుకు 9 చాలు. మిగతా 22 యూనిట్ల వేడిని అది నేల పైపులోంచి లాగుతుంది, అంటే నేలను చల్లబరుస్తుంది. రోజుకు 5,000 లీటర్ల వేడినీళ్లు వాడే ఆసుపత్రికో హాస్టలుకో రోజుకు 112 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 3,27,000 రూపాయలు. నేలలోంచి తీసిన ఇంత వేడిని మూడు టన్నుల ఏసీ ఎనిమిది గంటలు నడిచి తిరిగి నేలకిస్తుంది. మధ్యాహ్నం ఏసీ దించిన వేడిని మర్నాడు తెల్లవారుజామున స్నానాల నీళ్లకు తోడుకోవచ్చు. దానికి 50 మీటర్ల బోర్లు ఆరు చాలు. డెల్టాలో నేల పైపు చేయదగ్గ అసలు పని ఇదే.

దీని పక్కనే ఇంటి లెక్క కూడా పెట్టి చూడండి. 1,600 పగటి గంటల్లో 20 శాతం ఆదా అంటే 480 యూనిట్లు, ఏడాదికి 3,840 రూపాయలు. బోరు, పైపు, గ్రౌటు కలిపి మీటరుకు 800 రూపాయలు అనుకున్నా 150 మీటర్లకు 1,20,000. అది రాబట్టుకోవడానికి 31 ఏళ్లు. మీ ఊరి రేట్లు వేసుకుని చూసినా ఫలితం పెద్దగా మారదు. ఇల్లు కట్టుకునేవారు ఆ డబ్బును పైకప్పు మీద ఎండ పడకుండా చేయడానికి, ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీకి పెట్టడం మేలు. సముద్రపు గాలికి ఏసీ బయటి యూనిట్ తరచూ తుప్పుపట్టే చోట మాత్రం, బయట ఏమీ ఉండని నేల పైపుకు కొంచెం మార్కులు కలపాలి.

ఇప్పుడే ఎందుకు?

మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. మంగినపూడి దగ్గర పోర్టు పనులు అదే ఏడాది మొదలయ్యాయి. వీటి వెంట హాస్టళ్లు, ఆసుపత్రులు, హోటళ్లు, ఆఫీసులు వస్తాయి. పగటిపూట ఏసీ, తెల్లవారుజామున వేడినీళ్లు రెండూ కావాల్సిన భవనాలే ఇవి. పునాది తవ్వే దశలో పార్కింగు కింద ఆరు బోర్లు వేయడం తేలిక. భవనం లేచాక రిగ్గు లోపలికి రాదు.

అలాంటి భవనం కట్టించేవారు కాంట్రాక్టరు ముందు ఐదు అంకెలు అడగండి: ఈ నేల మీటరుకు ఎన్ని వాట్లు తీసుకుంటుందో 48 గంటలు కొలిచారా? ఒక్కో బోరుకు ఎన్ని లీటర్ల గ్రౌటు పోస్తారు? గాలి తీసే పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుంది? ఒత్తిడి పరీక్ష ఎన్నిసార్లు? రోజుకు నేలలోకి పోయే వేడి ఎంత, వేడినీళ్ల కోసం తిరిగి తీసేది ఎంత? ఐదింటికీ కాగితం మీద జవాబు వస్తే పని మొదలుపెట్టించండి. మూడో అంకె దగ్గరే తడబడితే, మిషను ఎంత మంచిదైనా సరే, ఆ పని ఆయనకు అప్పగించకండి.